అందరూ చూసే నాలుగూ కాకుండా: ఈ క్రిస్మస్‌కి ఏ యానిమేషన్ స్పెషల్ పెట్టాలి?

డిసెంబరు వచ్చిందంటే ఏటా అవే నాలుగు పేర్లు వినిపిస్తాయి. రూడాల్ఫ్, చార్లీ బ్రౌన్, గ్రించ్, ఫ్రాస్టీ. 1964 నుంచి 1969 మధ్య అమెరికా టీవీలో వచ్చిన ఈ నాలుగు పండగ యానిమేషన్ చిత్రాలూ మంచివే. వాటిని చూడమని కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. వాటి సందడిలో వెనకబడిపోయిన వాటి గురించే ఇక్కడ చెబుతున్నాం. అందులోంచి ఒక్కటే ఎంచుకోమంటే మా ఓటు రిచర్డ్ విలియమ్స్ తీసిన 'ఎ క్రిస్మస్ కేరల్'కి. 1971 డిసెంబరు 21న అమెరికాలో ఏబీసీ చానల్లో వచ్చింది. నిడివి 25 నిమిషాలు.

అయితే అది అన్ని ఇళ్లకూ సరిపడేది కాదు. ఐదేళ్ల పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని చూసేది అసలే కాదు. అందుకని పేర్లు చూసే ముందు రెండు విషయాలు తేల్చుకోండి: గదిలో అందరికంటే చిన్నవాళ్ల వయసెంత, కూర్చున్నవాళ్లకు ఇంగ్లీషు మాటలు ఎంతవరకు అందుతాయి. నిడివి గురించి బెంగ అక్కర్లేదు. వీటిలో చాలావరకు అరగంట టీవీ స్లాటు కోసం తీసినవే. ప్రకటనలు పోగా 24 నుంచి 26 నిమిషాలు ఉంటాయి.

1971 కేరల్: ఎందుకు ఇదే

కథ ఇంగ్లీషు రచయిత చార్లెస్ డికెన్స్‌ది, 1843 నాటిది. పిసినారి స్క్రూజ్ దగ్గరికి క్రిస్మస్ ముందు రాత్రి చనిపోయిన భాగస్వామి మార్లీ దయ్యమై వస్తాడు. ఆ తర్వాత గడిచిన క్రిస్మస్, నడుస్తున్న క్రిస్మస్, రాబోయే క్రిస్మస్ అని ముగ్గురు ఆత్మలు వచ్చి అతనికి అతని బతుకే చూపిస్తారు. ఈ కథను సినిమాగా, నాటకంగా, కార్టూన్‌గా లెక్కలేనన్నిసార్లు తీశారు. చాలామంది దాన్ని మెత్తబరిచారు. విలియమ్స్ ఆ పని చేయలేదు. అతని చేతిలో ఇది దయ్యం కథగానే మిగిలింది.

మొదటి ఆత్మనే తీసుకోండి. పుస్తకంలో దాని రూపం నిలకడగా ఉండదు. ఒకసారి ఒంటి చేయి, ఒకసారి ఒంటి కాలు, ఒకసారి ఇరవై కాళ్లు, ఇంకోసారి తలే ఉండదు. రంగస్థలం మీద గానీ నటులతో తీసే సినిమాలో గానీ అది కష్టం కాబట్టి తెల్లబట్టలు వేసుకున్న మనిషితో సరిపెట్టేస్తారు. ఈ సినిమాలో ఆ ఆత్మ కొవ్వొత్తి మంటలా కదులుతూనే ఉంటుంది. ఒక ముఖం మీద ఇంకో ముఖం, ఒక చేయి పక్కన ఇంకో రెండు చేతుల జాడ కనిపిస్తూ మాయమవుతుంటాయి. ఆ ఒక్క పాత్ర కోసమైనా ఇది చూడాలి. గీసే బొమ్మకు మాత్రమే సాధ్యమయ్యే పనిని గీసే బొమ్మతోనే చేయించారు.

గీత కూడా మామూలు కార్టూన్ గీత కాదు. పుస్తకం తొలి ప్రచురణకు జాన్ లీచ్ బొమ్మలు వేశాడు. ఆ కాలపు అచ్చుబొమ్మల పద్ధతిలోనే ఇక్కడ నీడలన్నీ సన్నటి అడ్డగీతలతో నింపారు. మనిషి కదిలినప్పుడల్లా ఆ గీతలన్నీ మళ్లీ గీయాలి. రంగు పూసి వదిలేసే బొమ్మతో పోలిస్తే చాకిరీ ఎన్నో రెట్లు ఎక్కువ. గీతలు తెర మీద కాస్త వణుకుతాయి. అది లోపం కాదు, చేత్తో గీసిన జాడ. కార్యనిర్వాహక నిర్మాత చక్ జోన్స్, అంటే 1966 గ్రించ్ తీసిన మనిషే. గీసినవాళ్లలో వార్నర్ బ్రదర్స్‌లో తలపండిన కెన్ హారిస్ ఉన్నాడు. స్క్రూజ్‌కి గొంతు ఇచ్చింది అలాస్టెయిర్ సిమ్, మార్లీకి మైకేల్ హోర్డర్న్. 1951 నాటి బ్రిటిష్ సినిమాలో ఇవే పాత్రలు వేసిన ఇద్దరూ ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ అవే పాత్రలు పలికారు. కథ చెప్పే గొంతు మైకేల్ రెడ్‌గ్రేవ్‌ది.

టీవీ కోసం తీసిన దీన్ని తర్వాత థియేటర్లలో కూడా వేశారు. దాంతో 1972 సంవత్సరానికి ఉత్తమ యానిమేషన్ లఘుచిత్రం ఆస్కార్ వచ్చింది. ముందు టీవీలో వచ్చినదానికి ఆస్కార్ ఏమిటని పరిశ్రమలో కొందరు గొడవ పడితే అకాడమీ నిబంధనే మార్చింది. ఇంత జరిగినా జనం నోట్లో ఈ పేరు ఎందుకు లేదంటే, ఇందులో పాడుకునే పాట లేదు, పిల్లలు బొమ్మగా కొనుక్కునే పాత్ర లేదు, నవ్వించే జంతువు లేదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. పుస్తకాన్ని 25 నిమిషాల్లోకి దించడం వల్ల ఒక దృశ్యం పూర్తిగా అర్థమయ్యేలోపు ఇంకోటి వచ్చేస్తుంది. కథ తెలియనివాళ్లు గని కార్మికులు, లైట్‌హౌస్, సముద్రంలో ఓడ వచ్చే చోట తికమకపడతారు. స్క్రూజ్‌ను ఆత్మ అక్కడికెందుకు తీసుకెళ్లిందో చెప్పేంత తీరిక సినిమాకు లేదు. ఎక్కడో దూరాన, ఏమీ లేనివాళ్లు కూడా పండగ చేసుకుంటున్నారని చూపించడానికి. ఈ ఒక్క ముక్క ముందే చెప్పేస్తే చాలు, ఆ భాగం గుండెకు తగులుతుంది. చాలా సినిమాలు ఈ ఘట్టాన్ని వదిలేశాయి.

భయం సంగతి. మార్లీ తల చుట్టూ కట్టిన గుడ్డ విప్పగానే దవడ ఊడినట్టు కిందికి జారిపోతుంది. రెండో ఆత్మ అంగీ కింద నుంచి అజ్ఞానం, లేమి అనే ఇద్దరు బక్కచిక్కిన పిల్లలు బయటికొస్తారు. ఈ రెండు చోట్లా చిన్నపిల్లలు ఏడుస్తారు. ఎనిమిదేళ్లు నిండినవాళ్లకు పెట్టండి. అంతకంటే చిన్నవాళ్లుంటే వాళ్లు నిద్రపోయాకే.

అదే కథ, ఇంకో దారి: మిస్టర్ మాగూ

పిల్లలున్న ఇంట్లో కేరల్ కథే కావాలంటే 1962 నాటి 'మిస్టర్ మాగూస్ క్రిస్మస్ కేరల్' చూడండి. ఆ ఏడాది డిసెంబరు 18న ఎన్‌బీసీలో వచ్చింది. టీవీ కోసమే తీసిన తొలి యానిమేషన్ క్రిస్మస్ స్పెషల్ ఇదే. రూడాల్ఫ్ కంటే రెండేళ్లు ముందు. నిడివి దాదాపు 52 నిమిషాలు, రెట్టింపు.

చూపు సరిగా ఆనని మాగూ ముసలాయన బ్రాడ్‌వే (న్యూయార్క్ నాటకరంగం) నటుడిగా స్క్రూజ్ వేషం వేస్తాడు. మొత్తం రంగస్థల నాటకంలా నడుస్తుంది. పాటలు జూల్ స్టైన్, బాబ్ మెరిల్ కట్టినవి. బ్రాడ్‌వేలో చేయి తిరిగిన జంట. బడిలో ఒంటరిగా మిగిలిపోయిన చిన్న స్క్రూజ్, ముసలి స్క్రూజ్ కలిసి పాడే పాట దగ్గర పెద్దవాళ్లకు కూడా గొంతు పూడుకుపోతుంది. బొమ్మలు మాత్రం పొదుపుగా గీసినవి. వెనక దృశ్యాలు చదునుగా, నాలుగు రంగుల్లో ఉంటాయి. 1971 నాటి పనితనంతో పోలిస్తే తేలిపోతుంది.

పుస్తకం చదివినవాళ్లు రెండు మార్పులు గమనిస్తారు. నడుస్తున్న క్రిస్మస్ ఆత్మ ముందు వచ్చి, గడిచిన క్రిస్మస్ ఆత్మ తర్వాత వస్తుంది. స్క్రూజ్ మేనల్లుడు ఫ్రెడ్ అసలు లేనే లేడు. పరీక్షకు ఈ కథ చదువుకునే పిల్లలకు దీన్ని నోట్సులా చూపించకండి, వరుస తప్పు రాస్తారు. వాళ్లకు 1971 దే సరైనది.

కాబట్టి ఈ రెండింటి మధ్య తేల్చుకోవడం సులువు. పాటలు కావాలి, ఆరేడేళ్ల పిల్లలున్నారు, గంటసేపు కూర్చునే ఓపిక ఉందంటే మాగూ. బొమ్మల కళ చూడాలి, కథ ముందే తెలుసు, గదిలో అందరూ పెద్దవాళ్లే అంటే విలియమ్స్.

మాటలతో పనిలేనివి

తాతమ్మలు, ఇంగ్లీషు మీడియం ముఖం చూడనివాళ్లు, మూడేళ్ల పిల్లలు అందరూ ఒకే గదిలో ఉంటే మాటల్లేనిది పెట్టడమే ఉత్తమం. ఇక్కడ రెండు పేర్లున్నాయి, రెండూ బ్రిటన్‌వే.

'ద స్నోమన్' 1982 డిసెంబరు 26న ఛానల్ 4లో వచ్చింది, 26 నిమిషాలు. బ్రిటన్‌లో ఇది ఇంటింటికీ తెలిసినదే, మన దగ్గర మాత్రం చూసినవాళ్లు తక్కువ. రేమండ్ బ్రిగ్స్ 1978 బొమ్మల పుస్తకం ఆధారంగా డయాన్ జాక్సన్ దర్శకత్వంలో పెన్సిలు, క్రేయాన్ రంగుల మెత్తదనంతో తీశారు. హోవర్డ్ బ్లేక్ సంగీతమే కథ చెబుతుంది. పిల్లవాడు, మంచుమనిషి చేతులు పట్టుకుని ఎగిరేటప్పుడు వినిపించే ఒక్క పాట పీటర్ ఆటీ అనే కుర్రవాడు పాడాడు. ఆ పాటను 1985లో హిట్ చేసింది అలెడ్ జోన్స్. అందుకే చాలామంది సినిమాలోనూ అతనే పాడాడనుకుంటారు. ఈ సినిమాకు ముందుమాటలు రకరకాలుగా ఉన్నాయి. ఒకదానిలో బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బౌవీ అటక మీద నిలబడి కనిపిస్తాడు. మీ కాపీలో అతను లేకపోతే కత్తిరించారని కంగారుపడకండి, కథ ఒకటే.

తెల్లారేసరికి మంచుమనిషి కరిగిపోయి ఉంటాడు. సినిమా అక్కడే ఆగిపోతుంది, ఓదార్పు మాట ఏదీ ఉండదు. కొందరు పిల్లలు బాగా ఏడుస్తారు. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే ఈ ఏడాదికి దీన్ని పక్కన పెట్టండి.

ఆ బరువు వద్దనుకుంటే ఆర్డ్‌మన్ స్టూడియో 2021లో తీసిన 'షాన్ ద షీప్: ద ఫ్లైట్ బిఫోర్ క్రిస్మస్'. అరగంట. మట్టిబొమ్మల్లాంటి గొర్రెలు, ఒక్క అర్థమయ్యే మాట ఉండదు, గొణుగుళ్లు, అరుపులే. మూడేళ్ల వాళ్లూ ఎనభై ఏళ్ల వాళ్లూ ఒకేచోట నవ్వుతారు. వీటన్నిట్లో ఎవరికి పెట్టినా దెబ్బతినని ఎంపిక ఇదే.

ఈ వరుసలోనే ఇంకోటి ఉంది, దాదాపు ఎవరికీ తెలియనిది: 'జిగ్గీస్ గిఫ్ట్', 1982, ఏబీసీ. దర్శకుడు మళ్లీ రిచర్డ్ విలియమ్సే. కేరల్‌లో అంత చీకటి గీసిన చేయి ఇక్కడ గుండ్రటి ముక్కున్న చిన్న మనిషిని, మంచు పడే వీధిని ఎంత మెత్తగా గీసిందో చూడాలి. జిగ్గీ నోరు విప్పడు. విరాళాలు వసూలు చేసే క్రిస్మస్ తాత వేషంలో ఉద్యోగానికి చేరతాడు, పెట్టుకున్నవాళ్లు మోసగాళ్లని అతనికి తెలియదు. చుట్టూ ఉన్నవాళ్లు మాట్లాడతారు గానీ కథ అర్థం కావడానికి ఆ మాటలు అక్కర్లేదు. ఎమ్మీ అవార్డు వచ్చింది. దొరకడమే కష్టం. మంచి కాపీ దొరికితే మాత్రం కేరల్ తర్వాత మేము చెప్పే రెండో పేరు ఇదే.

నవ్వు కోసమైతే

'విల్ విన్‌టన్స్ క్లేమేషన్ క్రిస్మస్ సెలబ్రేషన్', 1987, సీబీఎస్. మట్టిబొమ్మలతో తీసిన చిన్న చిన్న పాటల వరుస. మధ్యలో రెండు డైనోసార్లు వ్యాఖ్యానం చెబుతుంటాయి. తూర్పు దేశపు జ్ఞానులు గంభీరంగా పాడుతుంటే వాళ్ల ఒంటెలు జాజ్ అందుకుంటాయి. గంటలు తమ తలల మీద తామే సుత్తితో కొట్టుకుంటూ పాట వాయిస్తాయి. పాత ఇంగ్లీషు క్రిస్మస్ పాటలు (కేరల్స్) తెలిసినవాళ్లు కడుపుబ్బ నవ్వుతారు. ఆ పాటలు తెలియకపోతే సగం నవ్వు పోతుంది, ఎందుకంటే డైనోసార్ల గొడవంతా ఒక పాటలోని పాత మాట చుట్టూనే తిరుగుతుంది. అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలకు బాగా పడుతుంది. ఇక్కడ ఊళ్లో తాతయ్యలతో కూర్చుని చూడటానికి ఒంటెల పాట, గంటల పాట మాత్రం వేసి చూపించండి, చాలు.

చర్చిలో, సండే స్కూల్లో వేయడానికి

మన దగ్గర డిసెంబరు మొదటి వారాల నుంచే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. పిల్లల స్కిట్లు, పాటల మధ్య అరగంట సినిమా వేద్దామని యూత్ వాళ్లు అనుకుంటే, యేసు జననం ఉన్న కథే కావాలని పాస్టర్ గారు అడగడం సహజం. అలాంటప్పుడు వెంటనే దొరికేది 'ద లిటిల్ డ్రమ్మర్ బాయ్', 1968, ఎన్‌బీసీ, రూడాల్ఫ్ తీసిన రాంకిన్-బాస్ సంస్థదే. పేరు చూసి పెట్టేయకండి. ఆరన్ అనే పిల్లవాడి తల్లిదండ్రులను దొంగలు చంపేస్తారు, వాడు మనుషులందరినీ ద్వేషిస్తాడు, చివరికి వాడి గొర్రెపిల్లను రోమన్ రథం గుద్దేస్తుంది. పశువుల తొట్టి దగ్గర వాడు డప్పు వాయించే ఘట్టం గొప్పగానే ఉంటుంది. కానీ ఎడారి మనుషులను జిత్తులమారి దొంగలుగా చూపే పాత మూస ఇందులో ఉంది. పిల్లల ముందు వేస్తే ఆ సంగతి మాట్లాడాల్సి వస్తుంది.

దానికి బదులు 'ఏంజెలాస్ క్రిస్మస్' పెట్టమని గట్టిగా చెబుతాం. 2017 నాటి ఐర్లండ్ చిత్రం, అరగంట, నెట్‌ఫ్లిక్స్ ద్వారా బయటి దేశాలకు చేరింది. ఫ్రాంక్ మెకోర్ట్ తన తల్లి చిన్నతనం గురించి రాసిన కథ ఆధారం. వందేళ్ల కిందటి లిమరిక్ పట్టణంలో ఏంజెలా అనే చిన్నపిల్ల చర్చిలో పశువుల పాక బొమ్మలు చూస్తుంది. బాల యేసుకు ఒంటి మీద సరైన గుడ్డ లేదు, చలికి వణికిపోతున్నాడని ఎవరూ చూడనప్పుడు ఎత్తుకుని ఇంటికి పట్టుకుపోతుంది. మన చర్చిల్లోనూ గడ్డి పరిచి ఆ పాక కడతాం కాబట్టి పిల్లలకు ఒక్క ముక్క విడమరచి చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు మాటలు ఐరిష్ యాసలో ఉంటాయి, పెద్దవాళ్లకే సగం అందవు. వేసే ముందు తెలుగులో రెండు నిమిషాల పరిచయం చెప్పండి. ఒక విషయం గుర్తుంచుకోండి: ఇంట్లో చూసే స్ట్రీమింగ్ ఖాతాలు బహిరంగ ప్రదర్శనకు పనికిరావు. అనుమతి సంగతి ముందే కనుక్కోండి.

'ద లైఫ్ అండ్ అడ్వెంచర్స్ ఆఫ్ శాంటా క్లాస్' (1985) గురించి కూడా అడుగుతుంటారు. 'విజర్డ్ ఆఫ్ ఓజ్' రచయిత ఎల్. ఫ్రాంక్ బామ్ 1902లో రాసిన నవల ఆధారం, రాంకిన్-బాస్ వాళ్లు తోలుబొమ్మల్లాంటి బొమ్మలను కదిలిస్తూ తీసిన చివరి క్రిస్మస్ స్పెషల్. క్రిస్మస్ తాతకు అమరత్వం ఇవ్వాలా వద్దా అని వనదేవతలు సభ పెడతారు. పురాణ కథలు ఇష్టపడే పదేళ్ల పిల్లలకు బ్రహ్మాండంగా నచ్చుతుంది. చర్చికి కాదు.

సరైన కాపీ, సరైన తెర

1971 కేరల్ వెతికేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు వేరే సినిమా చూసేయడం. ఇదే పేరుతో యానిమేషన్లు చాలా ఉన్నాయి, 2009లో జిమ్ క్యారీతో వచ్చినది కూడా ఇదే పేరు. వెతుకులాటలో రిచర్డ్ విలియమ్స్, 1971, అలాస్టెయిర్ సిమ్ అనే మూడూ కలిపి కొట్టండి. నిడివి 25 నిమిషాల దగ్గర ఉండాలి. 20, 21 ఉంటే ఎక్కడో కత్తెర పడినట్టే. ఒక నిమిషం ముందుకు జరిపి ముఖాల మీద అడ్డగీతలు విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో చూడండి. బూడిద రంగు మరకలా ఉంటే అది పాత వీడియో టేపు నుంచి దించినది. అందులో ఈ సినిమా గొప్పదనమే కనబడదు.

పాతవన్నీ 4:3 కొలతలో తీసినవి. టీవీలో రెండు పక్కలా నల్లటి పట్టీలు రావాలి. తెర నిండా సాగదీస్తే మనుషులు పొట్టిగా లావుగా అవుతారు, జూమ్ చేస్తే తలలు తెగిపోతాయి. పిక్చర్ సైజ్‌లోకి వెళ్లి 4:3 గానీ ఒరిజినల్ గానీ పెట్టండి. తర్వాత కదలికను నున్నగా చేసే సెట్టింగ్ ఆపేయండి. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, సామ్‌సంగ్‌లో పిక్చర్ క్లారిటీ కింద ఉంటుంది. చేత్తో గీసిన బొమ్మలోనూ మట్టిబొమ్మలోనూ సెకనుకు ఉండే భంగిమలు తక్కువ. టీవీ మధ్యలో లేని ఫ్రేములు కల్పించేసరికి గీతల అంచులు చెదిరిపోతాయి, మట్టిబొమ్మ నీళ్లలో తేలుతున్నట్టు కదులుతుంది. క్లేమేషన్‌కీ షాన్‌కీ ఇది మరీ ముఖ్యం.

ప్రొజెక్టర్ మీద వేస్తుంటే ట్యూబులైట్లు ఆర్పకుండా కేరల్ వేయొద్దు, సగం దృశ్యాలు నల్లటి గోడలా ఉంటాయి. షాన్, మాగూ కొంత వెలుతురులోనూ కనిపిస్తాయి. ధ్వని విషయంలో తరచూ జరిగేది ఇది: లాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఒకే పెద్ద స్టీరియో పిన్ను ఉన్న వైరు తెచ్చి మిక్సర్‌లోని బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో పెడతారు. ఆ ఇన్‌పుట్ కుడి ఎడమలను ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తుంది. పాత సినిమాలు మోనో కాబట్టి రెండు వైపులా ఒకే ధ్వని ఉంటుంది, తీసేస్తే దాదాపు సున్నా. స్పీకరు పాడైందనుకుని వెతుకుతారు. ఒక చిన్న పిన్ను నుంచి రెండు మోనో పిన్నులుగా చీలే వైరు తెచ్చుకుని రెండు ఛానళ్లలో పెడితే సరిపోతుంది.

అన్ని వయసుల వాళ్లూ ఉన్న సాయంత్రమైతే ముందు షాన్ వేయండి. పిల్లలు కేకు, భోజనాల వైపు వెళ్లాక లైట్లు ఆర్పి, కథ మూడు ముక్కల్లో తెలుగులో చెప్పి, కేరల్ మొదలుపెట్టండి. రెండూ కలిపి గంట కూడా పట్టదు.